కాఫీప్రియుల ఇంట తేనీరు



తెలుగుదేశమును విడిచి రాజధానికి వచ్చిన ఉద్యోగి ఇంట మొట్టమొదట స్థిరపడునది కాఫీ ఫిల్టరు. మంచములు, బీరువాలు తరువాత వచ్చును. మంచి పొడి ఏ అంగడిలో దొరకునో, చికోరీ ఎంతపాలు కలిపింపవలెనో తెలిసికొన్న పిమ్మటనే గృహిణి పాలవాని సంగతియు, పిల్లల బడి సంగతియు విచారించును. అట్టి ఇంట టీకి రెండే సమయములందు ప్రవేశము లభించును. ఉత్తరాది మిత్రుడు అతిథిగా వచ్చినపుడు ఒకటి, వైద్యుడు కాఫీ తగ్గింపుమని ఆజ్ఞాపించినపుడు రెండవది. ఈ రెండవ సందర్భమున అది ఔషధమువలె వచ్చును గనుక ఔషధమువలెనే రుచించును.

దోషము టీది కాదు. కాఫీకి అలవడిన చేయి టీని కూడ చిక్కని డికాక్షనుగా మార్చవలెనని తలచును. ఆకును నల్లబడువరకు మరిగించి, పాలు పోసి మరల మరిగించి, కాఫీ రంగు వచ్చిన పిదప దింపి, ఒక గుటక త్రాగి, "ఇది కాఫీకి సాటి రాదు" అని తీర్పు చెప్పుదురు. సాటి రాదు; రానక్కరయు లేదు. కాఫీని అనుకరింపుమని నిర్బంధింపక, ప్రతి ఆకును దాని స్వభావము ననుసరించి కాచినపుడే టీ కాఫీ స్థానమును గౌరవముతో ఆక్రమింపగలదు.

కాఫీ స్థానమున టీ నిలిచిన ఉదంతము సింహళద్వీప చరిత్రయందే కలదు. 19వ శతాబ్ది మధ్యకాలమున ఆ ద్వీపపు కొండలపై కాఫీతోటలు విస్తారముగా నుండెడివి. 1869లో ఆకుతుప్పు తెగులు కనిపించినది. తరువాతి రెండు దశాబ్దులలో ఆ తోటలు దాదాపుగా నశించినవి. అంతకు ముందే, 1867లో, జేమ్సు టేలరు అను స్కాట్లండు దేశీయుడు లూల్‌కందుర తోటలో 19 ఎకరముల మేర తేయాకు మొక్కలు నాటియుండెను. కాఫీని కోల్పోయిన తోటలవారు ఆ దారినే పట్టిరి. కాని గింజను ఎండబెట్టు విద్యతో ఆకును తయారుచేయ యత్నింపలేదు. ఆకును వాడ్చుట, నలుపుట, గాలికి పులియనిచ్చుట, ఆరబెట్టుట అను క్రొత్త విద్యను మొదటినుండి నేర్చిరి. వారు కొండలపై చేసిన పనినే తెలుగు గృహిణి తన పొయ్యిపై చేయవలసియున్నది.

నల్లని టీ, పచ్చ టీ, గింజ టీ అన్నియు ఒకే జాతి మొక్కనుండి వచ్చునవే. అస్సాములో సింగ్‌ఫో జాతివారు ఆ మొక్కను ఎరుగుదురు. 1823లో రాబర్టు బ్రూసు దానిని గుర్తించిన పిమ్మటను, 1839లో అస్సాం కంపెనీ ఏర్పడిన పిమ్మటను అచట తోటలు పెరిగినవి. ఆ తోటలకు గంజాము, విశాఖపట్టణ ప్రాంతములనుండి తెలుగు కుటుంబములు కూడ కూలికై తరలిపోయినవి. వారి సంతతివారు నేటికిని అచట కలరు. కనుక టీ పరాయివారి పానీయమని తెలుగువారు అనుట ఆ కుటుంబముల చెమటను మరచుటయే యగును.

బజారులో పొట్లములయందు దొరకు గింజలవంటి టీ 1930 ప్రాంతమున అస్సాములో వెలసిన యంత్రపద్ధతి ఫలము. ఆకును నలిపి, చించి, చుట్టు ఆ యంత్రమువలన రంగును, ఘాటును త్వరగా దిగును. పాలు కలుపుటకు అనువైనది ఇదియే. రెండు కప్పుల టీకి ఒకటిన్నర కప్పుల నీరు, రెండు చిన్న చెంచాల ఆకు చాలును. నీరు తెరలిన పిమ్మట ఆకు వేసి, సన్నని సెగపై రెండు నిమిషములుంచి, కాగిన పాలు అరకప్పు పోసి, ఒక్క పొంగు రానిచ్చి దింపవలెను. అల్లము వేయదలచినవారు దానిని దంచి నీటిలోనే ముందుగా మరిగింపవలెను. పచ్చి అల్లము తిన్నగా పాలలో పడినచో పాలు విరుగును. ఢిల్లీ చలికాలమున ఎందరో గృహిణులు పాలవానిని నిందించుటకు నిజకారణ మిదియే. ఏలకులు చివరను చాలును.

కాఫీప్రియునికి మిక్కిలి సన్నిహితమైన టీ మాత్రము హైదరాబాదులో నున్నది. ఇరాను దేశమునుండి వచ్చినవారి హోటళ్లలో పుట్టిన ఆ టీ రెండు పాత్రలలో తయారగును. ఒకదానియందు ఆకును, నీటిని మూతపెట్టి సన్నని సెగపై దమ్ము చేయుదురు. వేరొకదానియందు పాలను కాచి కాచి చిక్కబరచుదురు. ఈ రెండును కప్పులోనే కలియును. డికాక్షను వేరు, పాలు వేరు, కలయిక త్రాగువాని ఎదుట: ఇది ఫిల్టరు కాఫీ ధర్మమే గదా! కాఫీ మాన్పించిన తండ్రికి ఇంటివారు మొదట ఈ టీ నిచ్చుట బుద్ధిమంతుల పని. ఇంట చేయుటకు అరగంట పట్టును. రెండు కప్పుల నీటిలో మూడు చెంచాల ఆకు వేసి, మూత బిగించి, పొంగకుండ సన్నని మంటపై ఇరువది నిమిషములుంచవలెను. మూడు కప్పుల పాలు రెండు కప్పులగువరకు కలియబెట్టుచు కాచి, చక్కెర అందులోనే కరగింపవలెను. ప్రక్కన ఉస్మానియా బిస్కట్టు ఉండుట శాస్త్రము కాకపోయినను సంప్రదాయము.

దార్జిలింగు ఆకుకు ఈ మర్యాదలు పనికిరావు. 1841లో వైద్యుడైన క్యాంబెల్ అచట తన తోటలో విత్తనములు నాటెను. చలికాలపు నిద్రనుండి లేచిన మొక్క మార్చి, ఏప్రిలు నెలలలో ఇచ్చు మొదటి కోత పూలవాసనతో తేలికగా నుండును. మే, జూను నెలల రెండవ కోతలో ద్రాక్షను తలపించు గాఢపరిమళము కలదు. ఇట్టి ఆకును పాలలో వేసి మరిగించుట పట్టుపంచెను మసిగుడ్డగా వాడుట వంటిది. పింగాణీ పాత్రను వేడినీటితో తొలిచి, కప్పునకు ఒక చెంచా ఆకు వేసి, తెరలి దింపి ఒక నిమిషము ఆరిన నీరు పోసి, మూత పెట్టి, గడియారము చూచి మూడు నిమిషములకు వడపోయవలెను. పాలు వలదు. చక్కెరయు లేకుండ త్రాగుట అలవడిన పిమ్మట, ఆ పరిమళమునకు చక్కెర ఎంత అడ్డమో తెలియును.

ఢిల్లీవారికి సమీపమున నున్నది కాంగ్రా ఆకు. పాలంపురము చుట్టునున్న ఆ తోటలు 19వ శతాబ్ది మధ్యమున పుట్టి, 1905 నాటి భూకంపమువలన దారుణముగా దెబ్బతిన్నవి. పచ్చ టీ అచట నేటికిని తయారగుచున్నది. దానిని చేదని విసర్జించినవారు తెరలు నీటిని దానిపై పోసియుందురు. నీరు దింపి అయిదారు నిమిషములు ఆరనిచ్చి, 80 డిగ్రీల సెంటిగ్రేడుకు మించని వేడిపై రెండే నిమిషములుంచిన అది చేదుగా నుండదు. కాశ్మీరులో పచ్చ టీనే ఏలకులు, దాల్చినచెక్క, కుంకుమపువ్వు, బాదముపలుకులతో కహ్వాగా చేయుదురు. అచటివారే వేరొక ఆకును సోడాతో గంటలకొలది మరిగించి, పాలును ఉప్పును కలిపి గులాబి రంగు టీ త్రాగుదురు. లడాకులో వెన్నయు ఉప్పును వేసి పొడవైన కొయ్యగొట్టములో చిలుకుదురు. కవ్వమెరిగిన తెలుగు ఇల్లాలికి ఆ శ్రమ విడ్డూరము కాదు గాని, ఆ రుచి లడాకు చలిలోనే చెల్లును.

ఆరోగ్యము మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరి తేయాకు కొండల నడుమ, కూనూరులో పుట్టిన చిన్న పరిశోధనశాల పెరుగుదలయే. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనల ప్రకారము 150 మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల కెఫీను, అంతే టీలో 30 నుండి 65 మిల్లీగ్రాములు ఉండును. దినమునకు 300 మించరాదని దాని సలహా. నాలుగు కాఫీలు త్రాగు ఉద్యోగి ఈ హద్దును దాటినట్లే. ఉదయపు కాఫీ నెవరును త్యజింప నక్కరలేదు. ఆఫీసులో పదునొకండు గంటలదియు, సాయంకాలపుదియు, ఫైళ్లు ముగియని దినముల నాలుగవదియు టీ యైనచో లెక్క సామాన్యముగా హద్దులోనికి వచ్చును, నిద్రయు వచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. టీలోని వగరు పదార్థము ఆహారమునందలి ఇనుమును శరీరము గ్రహింపకుండ అడ్డగించును. కాఫీకి కూడ ఈ దోషము లేకపోలేదు. భోజనమునకు గంట ముందును, గంట తరువాతను రెండింటిని మానుమని ఆ సంస్థయే చెప్పినది. తెలుగిండ్లలో అందరికి వడ్డించి, చివర తాను భోజనము చేసి, వెంటనే మిగిలిన టీ కప్పుతో కూర్చుండు ఇల్లాలికిని, టిఫినుతో పాటు టీ త్రాగి బడికి పోవు ఆడపిల్లకును రక్తహీనత ఎక్కువ ప్రమాదము. వారి కప్పును గంటసేపు వెనుకకు జరుపు బాధ్యత ఇంటి యజమానిది. నిమ్మరసము పిండిన నీలగిరి టీ వేసవి మధ్యాహ్నములకు బాగుండును; పులుపు తగులగనే దాని రంగు తేలికపడుట పిల్లలకు వినోదము.

టీ ఆకు పొరుగువారి వాసనను త్వరగా పుచ్చుకొనును. ఇంగువ డబ్బా, సాంబారు పొడి ఉన్న అరలో దాని నుంచరాదు. బిగుతైన మూతగల రేకు డబ్బాలో, పొయ్యికి దూరముగా నుంచవలెను. ఖరీదైన ఆకును ఒక్కసారి నూరు గ్రాములకు మించి కొనుట వృథా, ఏడాది గడచిన మొదటి కోతలో పరిమళము మిగులదు. అప్పటికిని డబ్బా అడుగున కొంత ఆకు మిగిలియున్నచో, దానిని అల్లముతో మరిగించి పాలు పోయుటకు ఏ అభ్యంతరమును లేదు.