బోర్డు కాదు, సంతకం రావాలి

(విశాఖపట్నంలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

విలేకరులుగా మేం ఈ ఊళ్లో ఏ ఆఫీసు మెట్లెక్కినా వినే మాట ఒకటుంది: 'ఫైలు పైకెళ్లింది'. భూమి పోయిన రైతుకూ అదే జవాబు, కాంట్రాక్టు కార్మికుడికీ అదే జవాబు. పైకంటే ఎక్కడికి? ఢిల్లీకి. సముద్రం ఇక్కడుంది, రేవు ఇక్కడుంది, కొలిమి ఇక్కడుంది. సంతకం పెట్టే చెయ్యి మాత్రం రైల్లో ఒకటిన్నర రోజు ప్రయాణమంత దూరంలో ఉంది.

కేంద్ర సంస్థల ప్రధాన కార్యాలయాలన్నీ ఢిల్లీలోనే ఉండాలని రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. పొగాకు బోర్డును 1976లో గుంటూరులో పెట్టారు. పొగాకు పండించే రైతు అక్కడున్నాడు కాబట్టి. రబ్బరు బోర్డు కొట్టాయంలో ఉంది, కాఫీ బోర్డు బెంగళూరులో ఉంది. బీమా నియంత్రణ సంస్థను 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తెచ్చారు. దేశంలో బీమా ఆగిపోయిందా? జర్మనీ కేంద్ర బ్యాంకు బెర్లిన్‌లో లేదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది. దక్షిణ కొరియా 2012 నుంచి మంత్రిత్వ శాఖలనే సియోల్ దాటించి సెజోంగ్‌కు తరలించింది. ఆ దేశాలు కూలిపోయాయా?

నిజామాబాద్ పసుపు రైతుల్ని చూడండి. బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు అభ్యర్థులుగా నిలబడ్డారు. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం వాళ్ల ఊరికే వచ్చింది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదది, కొట్లాడి తెచ్చుకున్నది.

అయితే ఢిల్లీ వదిలితే చాలదు, పని ఉన్న చోటికి రావాలి. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు హైదరాబాద్‌లో చేప ఆకారంలో కట్టిన భవనంలో ఉంది. చెరువుల చేపలకు అది దగ్గరేమో గానీ, విశాఖ హార్బర్‌లో వల బాగుచేసుకునే మత్స్యకారుడికి దూరమే.

మరి విశాఖలో ప్రధాన కార్యాలయాలు లేవా? ఉన్నాయి, కాదనం. నౌకాదళ తూర్పు కమాండ్ ఇక్కడే. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ హెడ్డాఫీసు ఇక్కడే. ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఆఫీసూ ఇక్కడే. అసలు సంగతి ఇక్కడే ఉంది, చూడండి.

'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించారు. 64 గ్రామాల జనం ఇల్లూ పొలమూ వదిలారు. అలా వచ్చిన ఫ్యాక్టరీని నూటికి నూరు శాతం అమ్మాలని 2021 జనవరి 27న నిర్ణయించింది ఎవరు? ఢిల్లీలో కూర్చున్న కేంద్ర మంత్రివర్గ సంఘం. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందీ ఢిల్లీయే. సొంత ఇనుప గనులు ఇవ్వనిదీ ఢిల్లీయే. ఆఫీసు మన ఊళ్లోనే ఉంది, అధికారం మాత్రం లేదు.

రైల్వే జోన్ కథా అంతే. వాల్తేరు డివిజన్‌పై పెత్తనం మొదట కోల్‌కతాది, 2003 నుంచి భువనేశ్వర్‌ది. విశాఖ కేంద్రంగా జోన్ ఇస్తామని 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. దాదాపు ఆరేళ్లు! తర్వాత నెలలోనే పంపకాలు తేల్చారు. సుమారు 410 కిలోమీటర్లు విశాఖ డివిజన్‌కు, 680 కిలోమీటర్లు రాయగడకు. బైలదిల్లా ఖనిజాన్ని మోసుకొచ్చే కొత్తవలస లైను రాయగడకే పోయింది. బోర్డు మనకు, సరుకు లైను వాళ్లకు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. ఆఫీసు కదిలిందంటే కుటుంబం కదలాలి. 2016లో సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి వచ్చినప్పుడు ఎంతమంది భార్యాబిడ్డల్ని అక్కడే వదిలి వారం వారం రైలెక్కారో మీకు తెలుసు. ఇల్లు, బడి, ఆసుపత్రి చూడకుండా చేసే తరలింపు ఉద్యోగికి శిక్షే. మనం అడిగేది అది కాదు.

మనం అడిగేవి మూడు. సముద్రం, రేవులు, ఉక్కుకు సంబంధించిన కేంద్ర సంస్థలు ఢిల్లీ వదిలి తీరానికి రావాలి. వచ్చే ఆఫీసుతో పాటు ఖర్చు పెట్టే అధికారం, నియామకాల అధికారం రావాలి. భూములిచ్చిన కుటుంబాల పిల్లలకు ఆ కొలువుల్లో చోటుండాలి.

మనకు మనం కూడా ఒక మాట చెప్పుకోవాలి. రేపు రాష్ట్రం వచ్చినా అన్నీ తెచ్చి విశాఖ బీచ్ రోడ్డులో పేరిస్తే పలాస వాళ్లకు, పాడేరు వాళ్లకు మనమే మరో ఢిల్లీ అవుతాం. ఉద్దానం జీడి రైతు, మన్యం కాఫీ రైతు మన దగ్గరికొచ్చి 'ఫైలు పైకెళ్లింది' అన్న మాట విన్న రోజున మన ఉద్యమం ఓడినట్టే.

అందుకే మిత్రులారా, ఈసారి ఎవరైనా వచ్చి విశాఖకు ఫలానా ఆఫీసు తెచ్చామంటే చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: సంతకం ఎక్కడ పెడతారు?

ఆ జవాబు విశాఖ అయ్యేదాకా ఈ పోరాటం ఆగదు.