తుప్పునకు లొంగిన పాత కారు

మా ఇంట 30 ఏండ్లు మెలగిన అంబాసిడరు కారునకు ఇటీవల వీడ్కోలు చెప్పితిమి. ఇంజను కడదాక తొలి ప్రయత్నముననే పలికెడిది, పోయినది శరీరము.

నల్లగొండ నుండి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా పాలమూరునకు మమ్ము చేర్చిన బండి యది. పెండ్లికూతుండ్రను, పురిటికి వచ్చు ఆడపడుచులను, విత్తనపు మూటలను ఒక్క తీరుగనే మోసినది. కమాను పట్టీ విరిగినచో ఏ ఊరి మేస్త్రియైనను సరిచేయగలిగెడివాడు. మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై హిందూస్థాన్ మోటార్సు వారు ఉత్తరపాడాలో చేసిన ఆ కారు నిర్మాణము 2014లో నిలిచిపోయినది.

మన మెట్టసీమలో తుప్పు పట్టదని కొందరందురు. సముద్రపు ఉప్పుగాలి లేనందున అది నెమ్మదించునే గాని మానదు. ఇనుమునకు నీరు, గాలి రెండును తగిలిన చాలును. వానకాలపు తడి తలుపుల అడుగునను, పట్టాల క్రిందను, చక్రముల చాటున పేరుకొన్న బురదలోను ఆరక నిలిచి, పైరంగు చెదరక ముందే లోపలినుండి రేకును తినివేయును.

ఈ కారునకు లారీకివలె వేరు చట్రము లేదు. నేలరేకు, పక్క దూలములే దాని అస్థిపంజరము. వెనుక కమానును పట్టియుంచు చోట మేస్త్రి సుత్తితో తట్టగా రేకు పొడియై రాలినది. మంచి లోహము లేనిచో వెల్డింగు నిలువదు. ఇంజను బాగున్నదని అట్టి బండిలో పిల్లలను ఎక్కించుట తగదని మేమందరము ఒక్కమాటపై నిశ్చయించితిమి.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ విభాగము ననుసరించి, పనికిరాకపోయిన బండి సంగతిని యజమాని 14 దినములలో రవాణా అధికారులకు తెలుపవలెను. ఆ పత్రము అప్పగించుచుండగా మా పెద్దలు మాటాడలేదు. కరగిన ఇనుము ఏ ఇంటి కప్పులోనో కడ్డీయై మరల బరువు మోయును. మాకు అదియే ఊరట.