అంకెల హారం

(స్వర్ణోత్సవ సభలో లెక్కల ఉపాధ్యాయుడైన ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

జ్ఞాపకాలు అందరూ చెబుతున్నారు. నేను ఒక లెక్క చెబుతాను. ఈ సంఖ్య రాసుకోండి: 2,79,94,681. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఖాతాలో ఏదో ఒక మొత్తంలా కనిపిస్తుంది, అంతే. దీన్ని 441తో గుణించండి. 12345654321 వస్తుంది! ఎటు నుంచి చదివినా ఒకటే.

ఇది నేను కనిపెట్టింది కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన 'గణితసార సంగ్రహం'లో ఇలాంటి గుణకారాలను మెడలో వేసుకునే హారాలతో పోల్చాడు. మన బోధన్ ప్రాంతం కూడా అప్పట్లో రాష్ట్రకూటుల రాజ్యంలోదే. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే మన భాషలో లెక్కల పుస్తకానికి దాదాపు వెయ్యేళ్ల వయసుంది.

మరి ఆ హారం దారం ఎక్కడుంది? 441 అంటే 21 వర్గం. 2,79,94,681 అంటే 5291 వర్గం. 21ని 5291తో గుణిస్తే 111111. కాబట్టి మన జవాబు ఆరు ఒకట్ల వర్గమే. కాగితం మీద నిలువుగా గుణిస్తే ఒకట్లు మెట్లు మెట్లుగా పేరుకుని, ఒక్కో వరుసలో 1, 2, 3 అంటూ 6 దాకా ఎక్కి, మళ్లీ దిగుతాయి.

అసలు పాఠం ఇక్కడుంది. 11 వర్గం 121. 111 వర్గం 12321. తొమ్మిది ఒకట్ల దాకా ఈ అందం చెదరదు: 12345678987654321. పది ఒకట్లు పెట్టండి. 1234567900987654321 వస్తుంది. నడి వరుసలో కూడిక పదికి చేరింది, ఒకటి పక్కకు పోయింది, హారం తెగింది. తొమ్మిదిసార్లు నిజమైంది పదోసారి కూడా నిజం కావాలని లేదు. ఎందుకు నిజమైందో తెలిసినవాడికే అది ఎక్కడ తెగుతుందో ముందుగా తెలుస్తుంది.

చెరుకు తూకం చీటీ, బ్యాంకు వడ్డీ, ఫోన్‌లో వచ్చే లాభాల ఆశ, అన్నీ ఇంతే. "ఇన్నాళ్లూ వచ్చింది కదా" అంటే రుజువు కాదు. మన రైతుల పిల్లలకు బడి ఇవ్వగలిగిన రక్షణ ఈ ఒక్క ప్రశ్న: ఎందుకు?

ఇప్పుడు పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. జవాబు సరిగ్గా చెప్పిన పిల్లను కూర్చోబెట్టే ముందు, "ఎట్లా వచ్చిందమ్మా?" అని అడగండి. సిలబస్ ఒక రోజు వెనకబడినా ఫర్వాలేదు.

మనకు అలా అడిగే గురువులు దొరికారు.