ఫోను లాక్కోకండి, బిడ్డ మాట వినండి



2012 నవంబరు 7న మన ధర్మపురి జిల్లా నత్తం కాలనీలో దళితుల ఇళ్లు తగలబెట్టారు. కులద్వేషం ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. నేడు అదే ద్వేషం వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా పిల్లల చేతిలోకి వస్తోంది. కులం పేరుతో, రంగు పేరుతో తిట్లు. ఆడపిల్లల ఫొటోలు మార్చి బెదిరింపులు.

పిల్లలు మనకెందుకు చెప్పరు? చెబితే ఫోను లాక్కుంటామని, తప్పు వారిదే అంటామని భయం. చిన్నబిడ్డలను తెచ్చినవారిని శిష్యులు గద్దిస్తే యేసు కోపపడ్డాడు (మార్కు 10). మన గద్దింపు కూడా బిడ్డకు అడ్డం కాకూడదు.

కాబట్టి ముందు వినండి. ఆ మెసేజ్‌లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్ తీయండి. జవాబివ్వకుండా ఆ నంబరును బ్లాక్ చేయండి. 1098కి ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కరలేదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల అశ్లీల చిత్రాలు పంచడం పోక్సో, ఐటీ చట్టాల కింద నేరం.

యౌవనస్థులారా, ఒకరిని ఏడిపించే మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయకండి. దానికి నవ్వు బొమ్మ పెట్టినా ఆ గుంపులో నిలబడినట్టే. ఏడుస్తున్న బిడ్డ పక్కన నిలబడండి. అదే క్రీస్తు న్యాయం.

ప్రభువు మన పిల్లలను కాపాడును గాక. ఆమేన్.