సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఏ డిగ్రీ చదవాలి?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరీక్షా ఫలితాలు రాగానే మన ఇళ్ళల్లో వినిపించే మాట ఒక్కటే. "మాస్టర్ సాబ్, మావాణ్ణి సాఫ్ట్‌వేర్‌లో వేయాలి. ఏ కాలేజీ మంచిది?" కాలేజీ సంగతి తరువాత చూద్దాం. ముందుగా ఏ చదువు, ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు అన్నవి తేల్చుకోవాలి. ఈ మూడూ తెలియకనే కొందరు ఇంటి కాగితాలు తాకట్టు పెడుతున్నారు.

మొదటి మార్గం బి.టెక్. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివి, ఎప్‌సెట్ రాసి చేరాలి. నాలుగేళ్ళ చదువు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో సాధారణంగా నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటావి, 30 మేనేజిమెంటువి. కన్వీనర్ సీటు వస్తే, అర్హత ఉన్నవారికి ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది. బి.సి.-ఇ వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. కాబట్టి కుల, ఆదాయ ధ్రువపత్రాలు కౌన్సెలింగుకు ముందే సిద్ధం చేసుకోండి. చివరి రోజున మండలాఫీసు చుట్టూ తిరిగితే లాభం లేదు.

రెండవది పాలిటెక్నిక్. పదవ తరగతి కాగానే పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చదవవచ్చు. తరువాత ఈసెట్ రాసి నేరుగా బి.టెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. లెక్క చూడండి: ఇంటర్ 2, బి.టెక్ 4, మొత్తం 6. డిప్లొమా 3, బి.టెక్ 3, ఇదీ 6. ఒక్క ఏడాది కూడా నష్టం లేదు. మధ్యలో ఇంటి పరిస్థితి బాగోలేకపోతే చేతిలో డిప్లొమా అయినా ఉంటుంది.

మూడవది బి.సి.ఎ. లేదా కంప్యూటర్స్‌తో బి.ఎస్సీ. ఖర్చు తక్కువ. అయితే ఒక మాట దాచకూడదు. కొన్ని కంపెనీలు బి.టెక్ వారినే పిలుస్తాయి. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఎం.ఎస్.కు నాలుగేళ్ళ డిగ్రీ అడుగుతాయి. అందుచేత ఈ దారిలో వెళ్ళేవారు ఐసెట్ రాసి రెండేళ్ళ ఎం.సి.ఎ. కూడా పూర్తి చేయడం మేలు.

ఇవిగాక మద్రాసు ఐ.ఐ.టి. 2020లో డేటా సైన్సులో ఆన్‌లైన్ డిగ్రీ ప్రారంభించింది. దానికి జె.ఇ.ఇ. ర్యాంకు అక్కరలేదు, వారి అర్హత పరీక్షలో నెగ్గితే చాలు.

ఉర్దూ మీడియం పిల్లలు వెనుకడుగు వేయనక్కరలేదు. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో పాలిటెక్నిక్, కంప్యూటర్ సైన్సు బి.టెక్, ఎం.సి.ఎ. ఉన్నాయి. కాని ప్రోగ్రాము రాసే భాషల్లో మాటలు ఇంగ్లీషువే, ఉద్యోగంలో ఉత్తరప్రత్యుత్తరాలూ ఇంగ్లీషులోనే. రోజుకు ఒక పేజీ ఇంగ్లీషు చదివే అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి.

బ్రాంచి పేరు చూసి మోసపోకండి. ఎ.ఐ., డేటా సైన్సు, సైబర్ సెక్యూరిటీ అని బోర్డులు పెడుతున్నారు. లోపల ప్రోగ్రామింగు, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు, నెట్‌వర్కులు సక్రమంగా చెబుతున్నారా అని అడగండి. ల్యాబు చూడండి. ఆ బ్రాంచికి ఎన్.బి.ఎ. గుర్తింపు ఉందా అని విచారించండి. ఇప్పుడు యంత్రమే ప్రోగ్రాము రాసిపెడుతోంది. అది రాసినది ఒప్పో తప్పో చెప్పగలవాడికే విలువ. ఆ శక్తి ఈ పునాది పాఠాల నుంచే వస్తుంది.

హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. తరువాత అమెరికాలో కంప్యూటర్ సైన్సు ఎం.ఎస్. చేశారు. 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. కోరిన బ్రాంచి రాలేదని తల్లి నగలమ్మి మేనేజిమెంటు సీటు కొనే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి. డిగ్రీ తలుపు తీస్తుంది, లోపల నిలబెట్టేది హునరే.

చివరగా తండ్రులకు ఒక మనవి. అన్న బి.టెక్ కోసం చెల్లెలి చదువు ఆపే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. లెక్కల్లో ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చినా ఆమె పుస్తకాలే అటకెక్కుతున్నాయి. ఇది న్యాయం కాదు. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరికి ఏది వస్తుందో, ఏది ఇష్టమో అడిగి, తాహతు చూసి దారి ఎన్నుకోండి. అర్జీలు నింపడంలో, పత్రాలు సిద్ధం చేయడంలో సంఘం తరఫున మేమంతా తోడుంటాం.