పసుపు జెండా ఎవరిది?

(మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళ ఖర్చుల గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గోడ గురించి మాట్లాడుకుంటాము. ఈసారి ఒక జెండా గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. కారణం మీకు తెలిసిందే. సెప్టెంబరు 17 దగ్గర పడేసరికి ఒక పసుపు జెండా బొమ్మ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఒకరు దాన్ని 'మన పాదుషాల జెండా' అని గొప్పగా పంపుతారు. ఇంకొకరు అదే బొమ్మను 'ఇదిగో మీ రజాకార్ల జెండా' అని మన పిల్లల మొహాన పెడతారు. నరసరావుపేటలో పుట్టి పెరిగిన పిల్లవాడు ఇంటికి వచ్చి, "దాదా, అది మన జెండాయేనా?" అని అడిగితే, దర్గా మీది పచ్చజెండా తప్ప మరొకటి ఎరగని ఆ దాదా ఏం చెప్పాలి?

మన తెలుగులో 'పచ్చ' అన్నా చిక్కే. పసుపునూ పచ్చ అంటాము, ఆకు రంగునూ పచ్చ అంటాము. సగం గందరగోళం అక్కడే ఉంది. ఉరుసుకు కట్టే ఆకుపచ్చ జెండా వేరు, హైదరాబాదు నిజాం ప్రభుత్వపు ఆసఫియా జెండా వేరు. రెండోది పసుపు రంగుది. దాని మీద దేవుని ఘనతను చాటే అరబ్బీ మాట, 'నిజాముల్ముల్క్ ఆసఫ్ జా' అన్న బిరుదు, 'యా ఉస్మాన్' అన్న అక్షరాలు, వీటితోపాటు గుండ్రని గుర్తు ఒకటి ఉంటాయి.

ఆ గుండ్రని గుర్తు దగ్గరే మొదటి తేడా వస్తుంది. అది కుల్చా రొట్టె అని ఎక్కువమంది చెబుతారు. మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ దక్కనుకు వచ్చే రోజుల్లో హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ దర్శనానికి వెళ్ళాడట. ఆ బుజుర్గు పసుపు గుడ్డలో కట్టిన కుల్చాలు పెడితే ఏడు తిన్నాడట. "నీ వంశం ఏడు తరాలు ఏలుతుంది" అని ఆయన అన్నాడట. అందుకే జెండాకు పసుపు రంగు, మధ్యలో కుల్చా అని చెబుతారు. కాదు, అది పూర్ణచంద్రుడు అనేవారూ ఉన్నారు. ఖమర్ అంటే చంద్రుడే కదా! ఏడో ఆసఫ్ జాతో 1948లో పాలన ముగిసింది కాబట్టి బుజుర్గు మాట నిజమైందని పెద్దలు తలూపుతారు. లెక్క సరిగ్గా చూస్తే మొదటి ఆసఫ్ జాకూ రెండో ఆసఫ్ జాకూ నడుమ నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ అని ముగ్గురు గద్దె మీద కూర్చున్నారు. వారిని వదిలేస్తేనే ఏడు అవుతుంది. కథ కథే, వినడానికి బాగుంటుంది. మేము దాన్ని కొట్టిపారేయము, చరిత్ర పుస్తకంలోనూ పెట్టము.

ఇక జెండా అర్థం సంగతి. హైదరాబాదు నగరంలో సర్కారు కొలువు చేసినవారికి ఆ జెండా అంటే సొంత రాజ్యం. వారికి హాలీ సిక్కా రూపాయి ఉంది, సొంత రైలు ఉంది, 1918లో ఉర్దూ మాధ్యమంతో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. ఆ అభిమానం ముసల్మానులది మాత్రమే అనుకుంటే పొరపాటు. మహారాజా కిషన్ ప్రసాద్ హిందువు. ఆయన రెండు విడతలు ఆ రాజ్యానికి ప్రధానిగా పనిచేశాడు. ఆ జెండాకు సలాము చేసిన దేశ్‌ముఖులు, జాగీర్దారులు హిందువుల్లో ఎందరో ఉన్నారు.

అదే జెండా కింద పల్లెలో వెట్టి చేసినవాడికి దాని అర్థం వేరు. జనగామ తాలూకాలో షేక్ బందగీ అనే పేద రైతు విసునూరు దేశ్‌ముఖుతో తన భూమి కోసం కోర్టుకెక్కి పోరాడాడు. 1940లో ఆ దేశ్‌ముఖు మనుషులు ఆయన్ని చంపేశారు. చచ్చినవాడు ముసల్మాను, చంపించినవాడు రెడ్డి దొర, పైన ఎగిరేది నిజాం జెండా. 'మా మతం రాజ్యం' అనే మాట బందగీకి ఏ విధంగా అక్కరకు వచ్చిందో చెప్పగలవారు చెప్పాలి.

1947, 48 సంవత్సరాల్లో అర్థం ఇంకా చెడింది. స్వతంత్రంగా ఉంటామని నిజాం ప్రకటించాడు. త్రివర్ణ పతాకం ఎగరేసినవారిని జైళ్ళలో పెట్టారు. ఖాసిం రజ్వీ రజాకార్లు పల్లెల మీద పడ్డారు. భైరాన్‌పల్లిలో జరిగింది తెలుగునాట ఎవరూ మరువలేదు, మరువకూడదు కూడా. ఆ ఊళ్ళవారికి పసుపు జెండా కనబడితే గుండె దడదడలాడుతుందంటే మనం నొచ్చుకోనక్కర్లేదు. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదు ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన పేరు మన ఇళ్ళల్లో ఎందరు పిల్లలకు తెలుసు? 'మీ రజాకార్లు' అన్నప్పుడు ఈ పేరు చెప్పవచ్చును కదా.

ఇంకొక పక్క కూడా ఉంది. సైన్యం వచ్చి సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాక, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో రజాకారుతో సంబంధం లేని సామాన్య ముసల్మానులు చాలామంది బలయ్యారు. నెహ్రూగారి ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం కనీసపు అంచనాగా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని రాసింది. ఆ నివేదిక 2013 దాకా బయటికి రాలేదు. ఆ కుటుంబాల వారికి జెండా దిగిన రోజు పండుగ కాదు. అందుకే ఆ తేదీని ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు సమైక్యత అంటారు. 2024లో కేంద్రం దాన్ని హైదరాబాద్ విమోచన దినంగా ప్రకటిస్తే, తెలంగాణ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అన్నది. పేరు దగ్గర ప్రభుత్వాలకే కుదరలేదు, మన వాట్సాప్‌లో కుదురుతుందా?

మరి మన పల్నాడు మాట? పొందుగుల దగ్గర నిలబడి కృష్ణ అవతలికి చూస్తే వాడపల్లి. 1948 దాకా అది నైజాం, ఇది మద్రాసు రాజ్యం. గుంటూరు సర్కారు 1788లోనే నిజాం చేతి నుంచి కుంపిణీకి పోయింది. పల్నాడు ఆర్కాటు నవాబు కింద ఉండి 1801లో కుంపిణీకి వెళ్ళింది. 'యా ఉస్మాన్' అని రాసిన జెండా మాచర్లలో గానీ, గురజాలలో గానీ ఒక్కరోజు కూడా ప్రభుత్వ జెండాగా ఎగరలేదు. మన తాతలు కట్టిన పన్ను ఇంగ్లీషువాడికి కట్టారు, పుల్లరి బాధ పడింది ఇంగ్లీషువాడి కిందనే. గర్వంగా ఆ బొమ్మ పంపే కుర్రవాడూ, దాంతో మనల్ని ఎత్తిపొడిచేవాడూ ఇద్దరూ ఏటి అవతలి సంగతి తెచ్చి మన నెత్తిన పెడుతున్నారు.

మా అభిప్రాయం దాచుకోము. అది ఒక రాజకుటుంబం జెండా. దాని మీద దేవుని పేరు ఉన్నంత మాత్రాన అది ఇస్లాం జెండా కాదు. నాణెం మీద కూడా రాజులు దేవుని పేరు వేసుకున్నారు, దాంతో వడ్డీ తీసుకోవడం ధర్మమైపోలేదు! పైగా ఆ జెండా యజమాని మీర్ ఉస్మాన్ అలీ ఖానే 1950 జనవరి 26 నుంచి 1956 దాకా త్రివర్ణ పతాకం కింద హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు. ఆయన మార్చుకున్న జెండాను ఆయన్ని చూడనివారు పట్టుకు వేలాడటం ఎందుకు?

జెండా అర్థాలు మనుషులు మార్చుకునేవే. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి ఇచ్చిన జెండాలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముసల్మానులకు అన్నారు. 1931 నాటికి కాంగ్రెసువారే రంగులకు మతం అంటగట్టవద్దని తీర్మానించి, కాషాయానికి ధైర్యం, తెలుపుకు శాంతి, ఆకుపచ్చకు విశ్వాసం అన్నారు. అప్పుడు కూడా రంగుల మీద తగవులు పడ్డారు. కానీ కూర్చొని మాట్లాడుకున్నారు. మన గుంటూరులో 2022 ఫిబ్రవరిలో జిన్నా టవరుకు మూడు రంగులు వేసి, పక్కన జాతీయ జెండా ఎగరేశారు. పేరు మాత్రం అదే ఉంది. దాన్ని ఎవరికి తోచినట్టు వారు చదువుకున్నారు.

కుర్రవాళ్ళకు ఒక మాట. ఆ బొమ్మ వస్తే ముందుకు పంపకండి, పంపినవాడితో పోట్లాడకండి. బందగీ గురించి, షోయబుల్లా గురించి, భైరాన్‌పల్లి గురించి, బీదర్ గురించి నాలుగూ తెలుసుకొని మాట్లాడండి. మూడు వదిలేసి ఒకటే చెప్పేవాడి మాట ఏ పక్షంవాడిదైనా నమ్మకండి.

పెద్దలకు ఒక మనవి. ఆ రోజుల్లో రజాకార్ల భయంతో ఏరు దాటి వచ్చిన హిందువులున్నారు, సైన్యం వచ్చాక ఊళ్ళు విడిచిన ముసల్మానులున్నారు. ఆనాడు పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. మన ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టించాము. మీ ఇంట్లో గానీ, పక్కింటి రెడ్డిగారింట్లో, చౌదరిగారింట్లో గానీ అటువంటి పెద్దవారు ఉంటే వచ్చే రంజాన్ లోపల మాకు కబురు చేయండి. ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి, వారు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు.