‘జ్ఞా’ ఆపేసిన ఫోన్లు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్ల గురించి మాట్లాడమన్నారు. నేను తెలుగు క్లాసుతో మొదలుపెడతాను. ‘జ్ఞానం’ బదులు ‘గ్నానం’ అని రాసి, మాస్టారి దగ్గర వందసార్లు దిద్దిన వాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ఆ ‘జ్ఞా’ 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ఆ అక్షరంతో మెసేజ్ వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కుప్పకూలేది.

మన అక్షరం తప్పేమీ లేదు. కంప్యూటరు ‘జ్ఞా’ను జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు గుర్తులుగా దాచుకుంటుంది. అలా టైప్ చేస్తే ఏ ఇబ్బందీ రాలేదు. దీర్ఘానికి ముందు, అక్షరాలను కలపవద్దని చెప్పే కనిపించని గుర్తు ఒకటి చేరితేనే చిక్కు. అన్నీ కలిపి 15 బైట్లు. అక్షరాలను తెరమీద పేర్చే ప్రోగ్రాము ఆ వరుస దగ్గర తడబడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సరిదిద్దింది.

ఆ వార్త చదివి నవ్వలేకపోయాను. ఇంజినీరింగ్ రెండో ఏట నేనూ అలాంటి పనే చేశాను. ల్యాబులో అందరికీ కలిపి ఒకే యూనిక్స్ కంప్యూటరు. తనలాంటిదాన్నే ఇంకొకటి పుట్టించే ప్రోగ్రాము ఒక్క లైనులో రాసి నడిపాను. ఒకటి రెండు, రెండు నాలుగు... పది రెట్టింపులకే 1,024. నడిచే ప్రోగ్రాముల పట్టిక నిండిపోయింది. దాన్ని ఆపే ప్రోగ్రాము మొదలుపెట్టడానికీ చోటు లేదు. దీన్నే ‘ఫోర్క్ బాంబ్’ అంటారు. ల్యాబంతా బిగుసుకుపోయింది. ఓ సీనియర్ అక్క మధ్యాహ్నమంతా టైప్ చేసిన ప్రాజెక్టు సేవ్ కాకుండానే పోయింది. ఎవరు చేశారని అడిగితే నేను చెయ్యెత్తలేదు.

రాత్రి క్లాక్ టవర్ దగ్గర బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే మన బడి గుర్తొచ్చింది. క్రికెట్ బంతికి కిటికీ అద్దం పగిలితే, మాస్టారు ఎలా పగిలిందని ముందు అడిగేవారు, ఎవరన్నది తర్వాత. అందుకే మనం దాచేవాళ్లం కాదు.

మర్నాడు వెళ్లి ఒప్పుకున్నాను. ల్యాబు సారు అరవలేదు. ఎలా చేశానో బోర్డు మీద రాయించుకుని, ఒక్కొక్కరు ఇన్ని ప్రోగ్రాములే నడపాలని కంప్యూటరుకు హద్దు పెట్టారు. అక్క పక్కన కూర్చుని, ఆమె నోట్‌బుక్కులోని ప్రోగ్రామంతా చదివి వినిపించాను. ఆమె మళ్లీ టైప్ చేసింది. సాయంత్రానికి పూర్తయింది.

మన సంఘం బడికి కంప్యూటర్ గది ఇస్తోంది. ఏదో ఒకరోజు ఓ పిల్లాడో పిల్లో దాన్ని ఆపేస్తారు. అయ్యవార్లూ, అప్పుడు ముందు ‘ఎలా’ అని అడగండి. ‘ఎవరు’ అన్నది వాళ్లే వచ్చి చెబుతారు.

సెలవు.